బానెట్ మూసినవాడు

ఆ రోజు ఉదయం నాచారం షెడ్డులో ఉన్నవాళ్లు నలుగురు: షెడ్డు యజమాని పద్మక్క, కార్బురేటర్ మిస్త్రీ సత్తన్న, కారు సొంతదారు రావు గారు, నేను. ఉన్న వస్తువులు: అరవైల నాటి నల్ల అంబాసిడర్ ఒకటి. బెంచి మీద వెర్నియర్, మైక్రోమీటర్. పదకొండు కొలతలు రాసి, పదకొండింటికీ టిక్కు పెట్టిన నా కాగితం. తీసేసిన పాత భాగాలు వేసిన గుడ్డ సంచి. తెరిచి ఉన్న బానెట్.

ఆ బానెట్ ఎవరు మూశారన్న దాని మీదే ఒక మనిషి పని పోయింది. అది రాయడానికే ఇది మొదలుపెట్టాను.

నాకు ముప్పై అయిదేళ్లు. రిటైరయ్యానంటే నవ్వుతారు. కానీ పాత కార్లు బాగుచేసే పనిలో పదకొండేళ్లు ఉండి, బయటికి వచ్చేశాను. మళ్లీ వెళ్లను. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీలో డ్రాయింగులు గీస్తున్నాను. మా బోడుప్పల్ వీధిలో డిప్లొమా చదివే కుర్రాళ్లు కొందరు ఆ పనిలోకి వెళ్లాలనుకుంటున్నామని, ఎలా ఉంటుందని అడిగారు. నోటితో చెబితే మంచి సంగతులే చెబుతానని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

పాత కారు బాగుచేయడమంటే రంగు, క్రోము, కొత్త సీట్లు అనుకుంటారు. ఆ పని నెల రోజుల్లో అవుతుంది. మిగతా ఏడాదంతా దొరకని భాగాల కోసం వెతుకులాటే. ఆ మోడళ్లు తయారవడం ఆగిపోయి దశాబ్దాలైంది. అసలు భాగాలు పాత సామాన్ల కొట్లలో దొరికితే అదృష్టం. దొరకకపోతే, పాతదాన్ని చూసి ఎవరో కొత్తగా తయారుచేసినవి కొనాలి. మేం వాటిని ‘కొత్త పాతవి’ అనేవాళ్లం.

కొత్త పాతవాటి గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అన్నీ చెడ్డవి కావు. గాస్కెట్లు చాలావరకు పాతవాటికంటే మేలు. ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు, కొత్తది ఆగుతుంది. చిక్కల్లా లోపల కదిలే భాగాలతోనే. థ్రాటిల్ కడ్డీ వెంట్రుకవాసి సన్నగా వస్తే ఇంజను గాలి పీలుస్తుంది. పెట్రోలు కొలిచి వదిలే సూది వాలు కొంచెం మారితే మైలేజీ పోతుంది. కొలిస్తే ఇవి దొరుకుతాయి. కొలత అనే పనిని నేను ప్రేమించింది అందుకే. డిప్లొమాలో నాకు మంచి మార్కులు వచ్చింది ఆ ఒక్క సబ్జెక్టులోనే.

షెడ్డులో చేరిన మొదటి నెలలోనే ప్రతి భాగానికీ ఒక పట్టిక తయారుచేశాను. పాతదాని కొలత, కొత్తదాని కొలత, తేడా, టిక్కు. అంతకుముందు అక్కడ అలాంటిది లేదు. పద్మక్క ఆ కాగితాలు చూసి, ఒక ఫైలు కొనుక్కొచ్చి ఇచ్చింది. ఆమె మెచ్చుకోవడం అంటే అదే.

ఆ షెడ్డు ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన నాచారం ఫ్యాక్టరీల్లో లేత్ మీద పనిచేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడట. ఆయన పెట్టిన నియమం ఒకటి ఆమె వదల్లేదు. బండి బయటికి వెళ్లేముందు బానెట్ ఎవరు మూస్తే, ఆ బండిలో తర్వాత వచ్చే తప్పుకు వాళ్లదే జవాబుదారీ. పది మంది చేతులు పడిన ఇంజనులో తప్పు ఎవరిదని తేల్చలేం కనక, మూసేవాడు అన్నీ చూసుకుని మూయాలి. నమ్మకం లేకపోతే మూయకూడదు. “బానెట్ మూసినోనిదే బండి” అని ఆమె కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటిరోజే చెప్పేది. నాకూ చెప్పింది.

సత్తన్న

అసలు పేరు సత్తయ్య. కీసర దగ్గర ఊరు. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. కార్బురేటర్లు విప్పి సరిచేసే పనిబల్ల, అంటే కార్బురేటర్ బెంచి, ముప్పై ఏళ్లుగా ఆయనదే. పద్మక్క తండ్రి ఉన్నప్పటి మనిషి. సూది కవాటాన్ని నోట్లో పెట్టుకుని ఊదేవాడు. గాలి ఆగితే మంచిది, ఆగకపోతే పారేసేవాడు. ఇంజను ఆన్ చేసి కళ్లు మూసుకుని నిలబడి, స్క్రూ పావు చుట్టు తిప్పి, “ఇగ సాలు” అనేవాడు. తర్వాత నేను మీటరు పెట్టి చూస్తే సరిగ్గా ఉండేది. నాకు ఒళ్లు మండేది. ఎందుకు సరిగ్గా ఉందో ఆయన చెప్పలేడు, నేను కనిపెట్టలేను.

నన్ను ‘ఇంజినీరు సాబ్’ అనేవాడు. అందులో సగం వెటకారం, సగం గౌరవం. పని మీద మనసు పెట్టి మాట్లాడినప్పుడు మాత్రం ‘వంశీ’ అనేవాడు. మా నాన్న తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు కాబట్టి, నా మాటను అనుకరించి అందరినీ నవ్వించేవాడు. నేను “వచ్చేశానండీ” అంటే, “అండీ వచ్చిండు, చాయ్ పొయ్యిన్రి” అనేవాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకోవలసింది చాలా ఉంది. ఆరేళ్లు పక్క బెంచిలో కూర్చుని నేర్చుకున్నది చాలా తక్కువ. ఇది నా మొదటి తప్పు. కానీ దీనికి ఎవరూ నష్టపోలేదు, నేను తప్ప.

పదకొండు కొలతలు

రావు గారు హబ్సిగూడలో ఉండే రిటైర్డ్ లెక్చరర్. ఆ అంబాసిడర్ ఆయన మామగారిది. ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్‌లోని ఫ్లోట్ చిల్లిపడింది.

ఫ్లోట్ అంటే తెలియనివాళ్లకు: మన ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులో బంతి ఉంటుంది కదా. నీళ్లు నిండేకొద్దీ అది పైకి తేలి, కొళాయిని మూసేస్తుంది. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలుకూ అలాంటి బంతే ఉంటుంది, ఇత్తడి రేకుతో చేసినది, లోపల బోలు. అది సరిగ్గా తేలకపోతే కొళాయి మూతపడదు, పెట్రోలు పొంగుతుంది. ఆ కారులో కార్బురేటర్ కిందే ఎగ్జాస్ట్ గొట్టం. అది నిప్పులా కాలుతుంది.

సత్తన్న పద్ధతి ఇది: ఫ్లోట్‌ను ఉడుకునీళ్లలో వేస్తే చిల్లి దగ్గర బుడగలు వస్తాయి. లోపలి పెట్రోలు ఎండబెట్టి, ఆవగింజంత సీసంతో అతుకు వేస్తాడు. ఆ ఫ్లోట్‌కు అప్పటికే రెండు అతుకులున్నాయి. మూడోది వేస్తానన్నాడు. నేను వద్దన్నాను. మూడు అతుకుల భాగాన్ని కస్టమర్‌కు ఇవ్వడం నాకు నచ్చలేదు. కొత్త పాత కిట్ ఒకటి తెప్పించాను. ఫ్లోట్, కొళాయిలా పెట్రోలును ఆపే సూది, అది కూర్చునే పీట, గాస్కెట్లు అందులోనే వచ్చాయి. పదకొండు కొలతలు తీశాను. ఏ తేడా కూడా మిల్లీమీటరులో నూటికి అయిదు వంతులు దాటలేదు. గిన్నె మూత తిరగేసి, ఫ్లోట్ తగిలించి ఎత్తు చూశాను. సరిగ్గా ఉంది.

సత్తన్న పాత ఫ్లోట్ ఒక అరచేతిలో, కొత్తది ఇంకో అరచేతిలో పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

“వంశీ, గిది జర బరువున్నట్టు కొడుతుంది.”

“ఎంత బరువు?”

“ఎంతంటే నేనెట్ల చెప్త? బరువుంది.”

“నీ చెయ్యి తక్కెడ కాదు కదా సత్తన్నా,” అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. నా కాగితాన్ని ఒకసారి చూశాడు. ఆయనకు చదవడం అంతంతమాత్రం. టిక్కులు లెక్కపెట్టినట్టున్నాడు. ఫ్లోట్లు రెండూ బెంచి మీద పెట్టి వెళ్లిపోయాడు.

నేను కొత్తది బిగించాను. షెడ్డులో ఇరవై నిమిషాలు ఇంజను నడిపాను. చుక్క పొంగలేదు.

బానెట్

మర్నాడు రావు గారు కారు తీసుకెళ్లడానికి వచ్చారు. మొదటి పేరాలో రాసిన ఉదయం ఇదే. నేను చేతులు కడుక్కుంటున్నాను. పద్మక్క ఆయనకు కాగితాలు ఇస్తోంది. సత్తన్న పాత భాగాల సంచిని డిక్కీలో పెట్టాడు. తీసేసిన ప్రతి ముక్కా సొంతదారుకే ఇచ్చేయడం మా షెడ్డు అలవాటు. తర్వాత ఆయన డ్రైవరు సీటు దగ్గర వంగి రావు గారితో ఏదో మాట్లాడాడు. నేను వినలేదు.

బానెట్ ఇంకా తెరిచే ఉంది. సత్తన్న దాని అంచు మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి, “నువ్వు మూస్తవా?” అన్నాడు.

“చేతులు తడిగా ఉన్నాయి. కొత్త రంగు, మరకలు పడతాయి. నువ్వే మూసెయ్యి,” అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, రంగు మీద వేలిముద్రలు పడకుండా తువ్వాలుతో నొక్కి మూశాడు.

చేతులు తుడుచుకోవడానికి నాకు పట్టేది అర నిమిషం. ఆ మాట అన్నప్పుడు నాకు దురుద్దేశం లేదు. కానీ ఆయన ఎందుకు అడిగాడో నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఉండడం సుఖంగా ఉండింది. ఇది రెండో తప్పు.

సాయంత్రం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర సిగ్నల్‌లో రావు గారికి పెట్రోలు వాసన వచ్చింది. దిగి బానెట్ ఎత్తేసరికి మంట లేచింది. ఆయన కుడి అరచెయ్యి కాలింది. చెరకు రసం బండి అతను తన తడి గోనెసంచులు పట్టుకొచ్చి కప్పి ఆర్పాడు. వైర్లు, రంగు, బానెట్ లోపలి భాగం కాలాయి. కారంతా పోలేదు, ఆయన ప్రాణం పోలేదు. ఆ రెండూ ఎందుకు పోలేదో మాకు అప్పుడు తెలియదు.

మర్నాడు పద్మక్క అందరినీ నిలబెట్టింది. గొంతు పెంచలేదు.

“బానెట్ ఎవరు మూసిన్రు?”

“నేనే మూసిన,” అన్నాడు సత్తన్న. ఒక్క క్షణం కూడా ఆగలేదు, నా వైపు చూడలేదు.

ఫ్లోట్ బిగించింది నేనని ఆమెకు తెలుసు. అయినా నా కాగితం ఉంది. పదకొండు టిక్కులున్నాయి. సత్తన్న వైపు ఏ కాగితమూ లేదు. సూది సరిగా కూర్చుందో లేదో ఆఖర్న చూడాల్సింది ఆయనే కదా అని ఎవరో అన్నారు. నేను కాదనలేదు. ఆ తీర్పు నియమం ప్రకారం సరైనదే. నేను ఆ నియమం వెనక నిలబడ్డాను. సత్తన్నను బెంచి నుంచి తీసి, కిరోసిన్ తొట్టి దగ్గర సామాన్లు కడిగే పనికి వేశారు. ముప్పై ఏళ్ల మిస్త్రీ ఆయన. నన్ను ఆయన బెంచిలో కూర్చోబెట్టారు.

తూకం

కాలిన కారు షెడ్డుకు వచ్చింది. డిక్కీకి ఏమీ కాలేదు. అయిదో రోజు మధ్యాహ్నం డిక్కీలో పాత భాగాల సంచి చూశాను. పాత ఫ్లోట్ తీశాను. లోపలి పెట్రోలు ఎండిపోయి ఉంది. గిన్నెలోంచి కొత్తదీ తీశాను. రెండు అరచేతుల్లో పెట్టుకుని నిలబడ్డాను. నాకేమీ తెలియలేదు.

రెండింటినీ జేబులో వేసుకుని ఉప్పల్‌లో బంగారం కొట్టుకు వెళ్లాను. తూకం వేయమంటే కొట్టతను వాటిని తిప్పి తిప్పి చూశాడు.

“ఇత్తడే గదనే అన్న?”

“ఇత్తడే.”

“ఇత్తడికి మిల్లీగ్రాముల లెక్కేంది? ఎవలి మెడల ఏస్తవ్?”

పాతది పద్దెనిమిదిన్నర గ్రాములు, రెండు అతుకులతో కలిపి. కొత్తది ఇరవై నాలుగు దాటింది. బయటి కొలతలు అవే. రేకు మందం ఎక్కువ. బయటి నుంచి ఎంత కొలిచినా అది దొరకదు. బరువు ఎక్కువైన ఫ్లోట్ లోతుగా మునిగి తేలుతుంది. పెట్రోలు మట్టం పెరుగుతుంది. పాత పంపు దొరకక మేం పెట్టిన ఎలక్ట్రిక్ పంపు తోపు కూడా ఎక్కువ. చల్లటి షెడ్డులో ఇరవై నిమిషాలు పొంగకుండా ఆగిన పెట్రోలు, ట్రాఫిక్ వేడిలో ఆగలేదు.

ఆ క్షణం నుంచి నాకు మొత్తం తెలుసు. సత్తన్న అప్పటికింకా షెడ్డులోనే ఉన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి తొట్టి దగ్గర కూర్చుని బ్రష్‌తో గేరు పళ్లు కడుగుతున్నాడు. “ఎటువోయినవ్ సాబ్?” అన్నాడు. చాయ్‌కు వెళ్లానన్నాను.

చెప్పకపోవడానికి నేను చెప్పుకున్న కారణాలు రాస్తాను. పద్మక్క ఇన్సూరెన్సు తలనొప్పిలో ఉంది. ముందు కిట్ అమ్మినవాళ్ల నుంచి జవాబు రానీ. కారు పూర్తిగా బాగుపడ్డాక చెబితే అందరి కోపమూ చల్లారి ఉంటుంది. సత్తన్నను ఎలాగూ కొన్నాళ్లకు బెంచికి తెస్తారు. నాలుగూ అబద్ధాలు కావు. అందుకే అవి పనికొచ్చాయి.

తొమ్మిదో రోజు సత్తన్న రాలేదు. పదో రోజూ రాలేదు. మేడిపల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేరాడని తెలిసింది.

దీనికంటే రాయడానికి కష్టమైనది ఇంకొకటి ఉంది. నా పట్టికలో పన్నెండో గడి కలిపాను: ‘బరువు’. షెడ్డుకు ఒక చిన్న డిజిటల్ తక్కెడ కొనిపించాను. మంచి ఆలోచన అన్నారు అందరూ. పద్మక్క ఆ పట్టికను గోడకు అంటించింది. బరువు చూడాలని నీకెలా తట్టిందని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

రావు గారు వచ్చిన రోజు

చెయ్యి మానాక రావు గారు కారు చూడటానికి వచ్చారు. వచ్చీ రాగానే సత్తయ్య ఏడని అడిగారు. పని మానేశాడని చెప్పాను.

“అదేమిటి బాబూ? నేను ఆయనకు దణ్ణం పెట్టుకుందామని వచ్చాను. ఆరోజు నేను కారెక్కుతుంటే చెప్పాడు, పెట్రోలు వాసన వస్తే ముందు పంపు స్విచ్చి ఆపు సారూ, తర్వాతే దిగు అని. స్విచ్చి ఎక్కడుందో రెండుసార్లు నాతో నొక్కించాడు. సిగ్నల్లో ముందు అదే చేశాను. చెయ్యి కాల్చుకుంది నా తొందర వల్లే. పంపు నడుస్తూ ఉంటే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు.”

పద్మక్క అక్కడే ఉంది. ఆమె రావు గారిని చూడటం మానేసి నన్ను చూసింది. ఆయన వెళ్లేదాకా ఆగాను. తర్వాత బంగారం కొట్టతను బరువులు రాసిచ్చిన చీటీ ఆమె ముందు పెట్టి, మొదటి నుంచి చెప్పాను. సత్తన్న చేతిలో పెట్టుకుని చూసింది, నేనన్న మాట, బానెట్ దగ్గర అడిగింది, తడి చేతులు.

“ఎప్పటిసంది ఎరుక నీకు?”

“అయిదో రోజు నుంచి అక్కా.”

“అప్పటికి సత్తన్న ఈడనే ఉండె గద.”

“ఉన్నాడు.”

ఆమె చీటీ తీసి ఫైల్లో పెట్టింది. “గా బెంచి కాడ కూసోని అన్నమెట్ల తిన్నవ్‌రా,” అంది. తర్వాత, “తప్పు జేసి దాసుకునేటోడు దొరకాల్నని మా నాయిన పెట్టిండు గా రూలు. దాంతోని నేను మంచోన్ని పట్టిన,” అంది. నన్ను పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. బండి తాళాలు తీసుకుని, ఎక్కమంది.

మేడిపల్లిలో ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సత్తన్న నీలం చొక్కాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, పద్మక్కకు కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. తప్పు తనదేనంది. బెంచి ఇప్పటికీ ఆయనదేనని, రేపే రమ్మంది. నేను నా వంతు చెప్పాను. ఆయన అంతా విన్నాడు. ఈలోగా ఒక కారు వస్తే గేటు తెరిచి, మళ్లీ మూసి వచ్చాడు.

“ఈడ మంచిగనే ఉందమ్మా. గేటు తెరుస్త, మూస్త. ఎవరు మూసిన్రని ఎవ్వరడుగరు.”

ఆ రోజు పద్మక్క అడిగినప్పుడు ఇదంతా ఎందుకు చెప్పలేదని అడిగాను. బరువుందని గట్టిగా ఎందుకు పట్టుబట్టలేదని.

“నువ్వు కొలిసినవ్ వంశీ. నేను కొల్వలే. చేతిల బరువనిపిస్తె, దాన్ని నీ కాయితంల ఏడ రాస్తవ్?” అన్నాడు. కోపం లేదు. “అంతగనం అనుమానం ఉంటె నేను మూసుడు కూడ తప్పే. నువ్వు మూయవని తెలిసినంక, పోనీ, బండి బయటికి పోతే పిలగాని పనికి పేరొస్తది గదాని మూసిన.”

తిరిగి రావడం గురించి పద్మక్క మళ్లీ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చాయ్ తాగి వెళ్లమన్నాడు. తాగి వచ్చేశాం. తర్వాత కూడా రెండుసార్లు వెళ్లాను, రాలేదు. ఆయన చెవి, చెయ్యి ఎవరికీ అందకుండా పోయాయి. నేర్చుకోగలిగినంత దగ్గరగా కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

తర్వాత నాలుగేళ్లకు పైగా ఆ షెడ్డులోనే పనిచేశాను. పని చెడలేదు. పన్నెండో గడి వల్ల కొన్ని కార్లు బాగుపడ్డాయి కూడా. అయినా ఆ బెంచి నాది అనిపించలేదు. ఒకరోజు పద్మక్కకు చెప్పి వచ్చేశాను. ఆమె ఆపలేదు.

ఇందులోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. కొత్త పాత భాగాన్ని కొలవండి, తూచండి, వేడి ఇంజను మీద గంట నడపండి. పక్కనున్న పెద్ద మిస్త్రీ ‘ఏదో తేడా ఉంది’ అంటే, ఎంత అని అడగకండి. దాన్ని కనిపెట్టడం మీ పని, ఆయనది కాదు. తప్పు చేస్తే చేశారు, అందరూ చేస్తారు. నాది ఫ్లోట్ బిగించిన తప్పు మాత్రమే అయ్యుంటే ఇదంతా రాసేవాణ్ణి కాదు.

బంగారం కొట్టులో తూకం వేయించిన రోజు నుంచి పద్మక్కకు చెప్పిన రోజు దాకా, ఆదివారాలు కలుపుకుని, నలభై ఒక్క రోజులు.